పనిచేసినట్టు కాగితం ఏదీ?

సంపాదకులకు,

రాయి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై చనిపోయినవాళ్ల గురించి వార్త వస్తే చివర్లో అధికారుల మాట ఒకటి ఉంటుంది: "వాళ్లు అక్కడ పనిచేసినట్టు మా దగ్గర ఆధారాల్లేవు." ఆ మాట చాలాసార్లు అబద్ధం కూడా కాదు. ఆధారాలు నిజంగానే ఉండవు. ఎందుకు ఉండవో, ఉన్నవి ఎక్కడ దొరుకుతాయో, కాగితమే లేని పనిని ఇప్పుడైనా ఎలా రాసిపెట్టుకోవాలో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాం. క్రషర్లలో, పలుగురాయి పొడి మిల్లుల్లో, సొరంగాల్లో, సిమెంటు రేకుల పనుల్లో చేసినవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ, యూనియన్ల వాళ్లకూ పనికొస్తుందని మా ఆశ.

ముందు కాలం లెక్క చూడండి. రాయి దుమ్ములో ఉండే సిలికా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ మామూలుగా పదేళ్లు, ఆపైన దుమ్ము పీల్చాక బయటపడుతుంది. దుమ్ము మరీ దట్టంగా ఉండే చోట ఐదేళ్లలోపే వస్తుంది. సిమెంటు రేకుల్లో కలిపే నారలాంటి ఖనిజం ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మెసోథీలియోమా క్యాన్సరుకైతే 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. ఇక కాగితాల సంగతి. కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కాంట్రాక్టరు తన రిజిస్టర్లను చివరి ఎంట్రీ నుంచి మూడు క్యాలెండరు సంవత్సరాలు దాచితే సరిపోయేది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం డాక్టరు ఇన్‌పేషెంటు రికార్డు దాచాల్సిందీ మూడేళ్లే. మనిషికి ఆయాసం మొదలయ్యేనాటికి అతని పేరున్న మస్టరు (హాజరు పట్టీ) చట్టప్రకారమే తూకానికి వెళ్లిపోయి ఉంటుంది. ఇందులో ఎవరూ దొంగతనం చేయనక్కర్లేదు.

ఈ తేడాను గుర్తించింది సుప్రీంకోర్టు, అదీ ఒక్క ఆస్బెస్టాస్ విషయంలో. 1995 జనవరి 27న ఇచ్చిన తీర్పులో, ఆస్బెస్టాస్ పరిశ్రమలో పనిచేసిన ప్రతి ఒక్కరి ఆరోగ్య రికార్డునూ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, రెండింటిలో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఉంచాలని ఆదేశించింది. 1987లో చేరి 2010లో రిటైరైన మనిషి రికార్డు 2027 వరకు ఉండి తీరాలన్నమాట. సిమెంటు రేకుల ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు ఈ తీర్పును ప్రస్తావిస్తూ తమ ఎక్స్‌రేలు, ఊపిరి పరీక్షల కాపీలు రాతపూర్వకంగా అడగాలి. మిగతా ప్రమాదకర ప్రక్రియలకు ఫ్యాక్టరీల చట్టంలో 41-సి సెక్షన్ ఉండేది. భోపాల్ తర్వాత, 1987 సవరణలో వచ్చింది. యాజమాన్యం ఆరోగ్య రికార్డు రాయాలి, కార్మికుడికి అది చూపాలి అని దాని సారం. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ వచ్చింది. పాత పని పాత చట్టం ఉన్న రోజుల్లో జరిగింది కనుక దరఖాస్తులో రెండు చట్టాల పేర్లూ రాయండి.

చాలామంది చేసే పొరపాటు ఎక్స్‌రే చేతిలో పట్టుకుని పరిహారం అడగడం. ఎక్స్‌రే జబ్బును చూపిస్తుంది. ఆ దుమ్ము ఏ మిల్లుదో చూపించదు. దానికి వేరే కాగితం కావాలి. వృత్తి వ్యాధుల డాక్టర్లు దాన్ని పని చరిత్ర అంటారు. ఎవరో ఆఫీసరు వచ్చి రాసిచ్చేది కాదది. కార్మికుడు చెప్తుంటే ఇంట్లో చదువుకున్న పిల్ల ఎవరైనా నోటుబుక్కులో రాయొచ్చు. రాసే తీరులోనే అంతా ఉంది. "20 ఏళ్లు క్రషర్లో పనిచేశాను" అన్న వాక్యం ఎక్కడా నిలవదు. ఇలా రాస్తే నిలుస్తుంది:

"2004 కృష్ణా పుష్కరాలు అయిన నెలకు చేరాను, 2007 ఉగాదికి మానేశాను. పలుగురాయి పొడి మిల్లు, ఊరి నుంచి రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు, రైల్వే గేటు పక్కన. బాల్ మిల్లు నోటి దగ్గర సంచి పట్టుకుని 50 కిలోల బస్తాలు నింపడం నా పని. షిఫ్టుకు 120 నుంచి 150 బస్తాలు. షిఫ్టు 12 గంటలు. షెడ్డుకు మూడు వైపులా రేకులు, ఒకవైపే దారి. నీళ్లు చల్లడం లేదు, పొడి తడిస్తే సరుకు పనికిరాదనేవారు. మూతికి తువ్వాలు. వానాకాలం రెండు నెలలు మిల్లు బంద్. నాతో సంచులు కుట్టింది ఫలానా, జా క్రషర్ మీద ఉన్నది ఫలానా. కూలి వారానికోసారి మేస్త్రి ఇచ్చేవాడు."

ఇది నమూనా మాత్రమే. కానీ ఇందులో ప్రతి ముక్కకూ పనుంది. బస్తాల లెక్క ఉత్పత్తి ఎంతో చెబుతుంది. మూడు వైపులా రేకులంటే దుమ్ము బయటికి పోయే దారి లేదని అర్థం. తువ్వాలు అన్న మాట రాయకపోతే అవతలివాళ్లు "మాస్కులు ఇచ్చాం" అంటారు. ఊపిరితిత్తుల లోపలికంటా వెళ్లే కణం 10 మైక్రాన్ల కంటే చిన్నది, ఎక్కువ హాని చేసేవి 5 మైక్రాన్లలోపువి. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. తువ్వాలు నేతలోంచి ఆ కణాలు సులువుగా లోపలికి పోతాయి. బంద్ నెలలు నిజాయితీగా రాయాలి. ఏడాదంతా చేశానని రాస్తే, ఆ మిల్లు కరెంటు బిల్లుల్లో రెండు నెలలు సున్నా కనిపించిన రోజున మొత్తం వాంగ్మూలానికే ఎసరొస్తుంది.

తేదీలు గుర్తు లేవనే మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. అంకెలుగా గుర్తుండవు, నిజమే. పుష్కరాలు గుర్తుంటాయి. కృష్ణకు 1992, 2004, 2016. గోదావరికి 1991, 2003, 2015. కోనసీమ తుపాను 1996 నవంబరు. కర్నూలు మునిగింది 2009 అక్టోబరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు. రాష్ట్రం విడిపోయింది 2014 జూన్ 2. వీటికి ముందా తర్వాతా, పెద్ద పిల్ల పుట్టినప్పుడు ఎక్కడున్నారు, బడిలో వేసినప్పుడు ఎక్కడున్నారు అని అడుగుతూ పోతే పదిహేనేళ్ల పని చరిత్ర రెండు గంటల్లో వరసకొస్తుంది. పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న ఊరే ఒక్కోసారి వలస వెళ్లిన చోటికి రుజువు. పనిచోట బడిలో చేర్చిన పిల్లల టీసీలు ఇంకా గట్టివి, ఎందుకంటే అవి పరిహారం కోసం పుట్టిన కాగితాలు కావు.

ఇక పాత కాగితాలు. పీఎఫ్ ఉన్నవాళ్లకు 2014లో యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని ఒకే పీఎఫ్ నంబరు) వచ్చింది కాబట్టి ఆ తర్వాతి సర్వీసు ఫోన్‌లోనే కనిపిస్తుంది. అంతకు ముందుదానికి పాత పీఎఫ్ నంబరు కావాలి. రాష్ట్రం కోడు, ఆఫీసు కోడు, కంపెనీ కోడు, ఆ తర్వాత మనిషి నంబరు ఉంటాయి. మనిషి నంబరు పోయినా కంపెనీ కోడు తెలిస్తే పీఎఫ్ ఆఫీసులో వెతకొచ్చు. ఈఎస్ఐ కార్డు ఉంటే డిస్పెన్సరీ పాత చీటీలు పారేయొద్దు. ఇక్కడ ఎక్కువగా దెబ్బతీసేది పేరు. ఇంట్లో నర్సింహులు, ఆధార్‌లో నరసింహ, పీఎఫ్‌లో ఎన్. నర్సిములు. తండ్రి పేరు ఒకచోట ఉంటుంది, మరోచోట ఇంటిపేరు మాత్రమే. పుట్టిన తేదీ మూడుచోట్ల మూడు రకాలు. ఈ ముగ్గురూ ఒక్కడేనని అఫిడవిట్ చేయించి, ఊరివాళ్ల వాంగ్మూలంతో ముందే పెట్టుకోవాలి. విచారణ మధ్యలో ఇది బయటపడితే కేసు నెలలకొద్దీ వాయిదా.

పీఎఫ్, ఈఎస్ఐ రెండూ లేనివాళ్లే ఎక్కువ. వాళ్లకు మేస్త్రి నోటుబుక్కు ఉంది. ముఠాకు అడ్వాన్సు ఎంతిచ్చాడు, ఎవరి ఖాతాలో ఎంత మినహాయించాడు, ఏ సైటుకు ఎన్ని రోజులు అని మేస్త్రులు రాసుకునే ఎర్ర అట్ట పుస్తకాన్ని ఎవరూ ఆధారం అనుకోరు. లేబర్ ఆఫీసులో అదే మొదట చూపించాల్సింది. అడ్వాన్సు వివాదాల కోసం మేస్త్రులు ఆ పుస్తకాలు పదేళ్లయినా పారేయరు. అప్పు వసూలుకు దాచిన పుస్తకమే కార్మికుడికి సర్వీసు రిజిస్టరు! పేజీలన్నీ, అట్టతో సహా, వరసగా ఫొటో తీయండి. కావాల్సిన పేజీ ఒక్కటే తీస్తే ఎప్పుడో మధ్యలో రాసి పెట్టారంటారు.

మిల్లు మూతపడిపోయిందా? మనిషి రికార్డు లేకపోయినా మిల్లు రికార్డు ఉంటుంది. ఫ్యాక్టరీల శాఖ లైసెన్సు ఫైలు, మిల్లు నడపడానికి అనుమతిస్తూ కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంటు ఉత్తర్వు, జిల్లా పరిశ్రమల కేంద్రం రిజిస్ట్రేషను, గనుల శాఖ లీజు, విద్యుత్ సర్వీసు నంబరు, ఇలా ఒక్కో మిల్లుకు నాలుగైదు చోట్ల జాడ ఉంటుంది. వీటిలో కన్సెంటు ఉత్తర్వు బంగారం. ముడిసరుకు ఏమిటి, రోజుకు ఎన్ని టన్నులు, దుమ్ము పట్టే పరికరాలు ఏవి పెడతామని యజమాని ఒప్పుకున్నాడు అన్నవన్నీ దాంట్లో ఉంటాయి. "మా దగ్గర పలుగురాయి ఆడలేదు, సున్నపురాయే" అన్న వాదన అక్కడితో సరి. పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాదివారీగా చూపించే గూగుల్ ఎర్త్‌లో షెడ్డు చుట్టూ తెల్లగా పరుచుకున్న పొడి కూడా కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు తేదీ, అక్షాంశ రేఖాంశాలు కనిపించేలా తీయాలి.

ప్రభుత్వ పనుల్లో చేసినవాళ్ల పరిస్థితి ఒకరకంగా మెరుగు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. కాలువలు, సొరంగాలు, ఆనకట్టలు కట్టింది పాలమూరు లేబరు అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ సొరంగంలో ఎన్ని ఘనపు మీటర్ల రాయి పగిలిందో ఎం-బుక్కులో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, అంగుళం తేడా లేకుండా ఉంటుంది, ఎందుకంటే కాంట్రాక్టరుకు బిల్లు దాని మీదే. డ్రిల్లింగు ఎన్ని మీటర్లు, బ్లాస్టింగు ఏ తేదీల్లో, గాలి తోసే ఫ్యాన్లకు బిల్లు పెట్టారా లేదా, అన్నీ అందులోనే. అగ్రిమెంటు షెడ్యూలులో వాడిన సరుకు ఉంటుంది. ఆస్బెస్టాస్ సిమెంటు రేకులైతే ఐఎస్ 459, తాగునీటి పథకాల ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపులైతే ఐఎస్ 1592 అని స్పెసిఫికేషన్ రాస్తారు. ఆ పైపులను గ్రైండరుతో పొడిగా కోసిన వాటర్‌వర్క్స్ కూలీలు, పాత బడి కప్పులు పగలగొట్టి దించిన మున్సిపల్ లేబరు తాము ఆస్బెస్టాస్‌లో పనిచేశామని అనుకోరు. వాళ్ల దృష్టిలో అవి రేకులు, పైపులు, అంతే. దినకూలీలకు ఎన్ఎంఆర్ (పేర్లవారీ మస్టరు) ఉంటుంది, దాంట్లో వేలిముద్రలు ఉంటాయి.

ఇవన్నీ సమాచార హక్కు కింద అడగొచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఉమ్మడి ఏపీ నాటి ఫీజు నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో రూ. 5, ఆపైన రూ. 10. తెల్లకార్డు ఉన్నవాళ్లు కాపీ జతచేస్తే అదీ అక్కర్లేదు. జవాబుకు 30 రోజులు. అడిగే తీరులోనే తప్పులు జరుగుతాయి. "ఫలానా ప్రాజెక్టులో పనిచేసిన కార్మికుల వివరాలు ఇవ్వండి" అంటే "అలాంటి సమాచారం నిర్వహించడం లేదు" అని ఒక్క లైను వస్తుంది. పని పేరు, ప్యాకేజీ నంబరు, సంవత్సరం రాసి, అగ్రిమెంటు షెడ్యూలు కాపీ, ఎం-బుక్కు ఫలానా నెలల పేజీలు, ప్రధాన యజమానిగా (కాంట్రాక్టరుకు పని అప్పగించిన శాఖగా) కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద చేయించుకున్న రిజిస్ట్రేషన్ కాపీ అని విడివిడిగా అడగాలి. ఆ రిజిస్ట్రేషన్‌లో కాంట్రాక్టర్ల పేర్లు, లేబరు సంఖ్య ఉంటాయి. కార్మికుడికి మేస్త్రి పేరు తప్ప కంపెనీ పేరు తెలియని చోట దారి దొరికేది దీనితోనే. పరిహారం విషయంలో కాంట్రాక్టరు దొరక్కపోయినా ప్రధాన యజమాని తప్పించుకోలేడు. 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్ అందుకే పెట్టారు.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు, ముఖ్యంగా కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లి అక్కడి రిఫైనరీల్లో ఇన్సులేషన్, శాండ్ బ్లాస్టింగ్ చేసినవాళ్లు, పాత పాస్‌పోర్టులు అస్సలు పారేయొద్దు. వీసా స్టాంపు మీద వృత్తి, లోపల రాకపోకల తేదీలు, ఇకామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు) మీద కంపెనీ పేరు, అన్నీ కలిపితే అదే సర్వీసు రికార్డు. ఇంకో సంగతి ఎవరూ గమనించరు. వెళ్లేముందు ఇక్కడి గుర్తింపు సెంటర్లలో గల్ఫ్ వీసా కోసం చేసిన గామ్కా మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే బాగుంటేనే వీసా ముందుకు కదిలేది. అంటే ఫలానా తేదీ నాటికి ఈ మనిషి ఊపిరితిత్తుల్లో మచ్చలేదని వాళ్లే రాసిచ్చారు. పదేళ్ల తర్వాత మచ్చలు కనిపిస్తే ఆ కాగితం ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. రాయి పనికీ ఇటుక బట్టీకీ జంటగా కుదుర్చుకుంటారు, కూలి మగవాడి పేరున రాస్తారు. తట్ట మోసిందీ, జల్లెడ పట్టిందీ, సంచులు కుట్టిందీ ఆమె. మస్టరులో ఆమె లేదు. కనుక భర్త పని చరిత్ర రాసేటప్పుడే పక్కన ఆమెది కూడా విడిగా రాయాలి, విడిగా సంతకం పెట్టించాలి. పనికి వెళ్లని భార్య అయినా ఆస్బెస్టాస్ పనివాడి బట్టలు ఏళ్ల తరబడి దులిపి ఉతికి ఉంటే ఆ సంగతీ రాయాలి. ఇంటికొచ్చిన ఆ నారతో మెసోథీలియోమా వస్తుందన్నది వైద్యశాస్త్రంలో తేలిపోయిన విషయం.

వైద్యం వైపు కాగితాల్లో పెద్ద అడ్డంకి టీబీ. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తొందరగా అంటుకుంటుంది కూడా, కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. కానీ కళ్లెలో క్రిమి ఎప్పుడూ కనపడకుండా రెండు మూడుసార్లు టీబీ కోర్సు వాడిన రాళ్ల పనివాడు దొరికితే, ఆ చీటీలన్నీ సిలికోసిస్ వైపు వేలు చూపిస్తున్నట్టే. ఎక్స్‌రేలో పై భాగాల్లో గుండ్రని చిన్న మచ్చలు సిలికా లక్షణం. కింది భాగాల్లో గీతల్లాంటి మచ్చలు, ఊపిరితిత్తి పొర మీద సున్నం పేరుకున్నట్టు పలకలు ఉంటే ఆస్బెస్టాస్‌ను అనుమానించాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్గీకరణలో మచ్చల సాంద్రతను 0 నుంచి 3 వరకు, ఒక్కోదాంట్లో మూడు మెట్లుగా, మొత్తం 12 మెట్లలో రాస్తారు. ఆ పద్ధతి ప్రకారం చదివిన రిపోర్టు కావాలని అడగండి. "ఇరువైపులా మచ్చలు" అని రాసిన మామూలు రిపోర్టు మెడికల్ బోర్డు ముందు పనికిరాదు. ఫిల్ము మాత్రమే కాదు, సీడీ కూడా తీసుకోండి. బీరువాలో పెట్టిన ఫిల్ములు ఎండలకు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

ఇంకో చిన్న పని ఉంది, ఖర్చు లేదు. ఓపీ చీటీ మీద పని ఏమిటో డాక్టరు చేత రాయించుకోవడం. "రాతి క్రషర్ పని, 12 ఏళ్లు" అన్న నాలుగు మాటలు సర్కారు దవాఖానా చీటీ మీద, తేదీతో, కేసు వేయడానికి ఎన్నో ఏళ్ల ముందు రాసి ఉంటే, తర్వాత చేయించిన పది అఫిడవిట్లకంటే బరువు. డాక్టర్లకు మా మనవి కూడా ఇదే. అడగడానికి అరనిమిషం పడుతుంది. 2002 నిబంధనల ప్రకారమే రోగి రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నదీ గుర్తుచేస్తున్నాం.

అన్ని విషాలూ సిలికాలా ఒంట్లో ఆనవాలు ఉంచవు. సీసం రక్తంలో సగానికి తగ్గడానికి నెల, నెలన్నర చాలు. బ్యాటరీ షెడ్డు మానేసిన ఏడాదికి రక్త పరీక్ష చేయిస్తే అంతా బాగానే ఉన్నట్టు రావొచ్చు. అందుకని సీసం పనివాళ్లు పనిలో ఉండగానే పరీక్ష చేయించుకుని కాగితం దాచాలి.

దుమ్ము కొలిచిన రిపోర్టులు దొరికినప్పుడు మురిసిపోవద్దు, భయపడొద్దు. ముందు చూడాల్సింది ఎక్కడ కొలిచారన్నది. కాలుష్య మండలి కోసం మిల్లు గేటు దగ్గర బయటి గాలిలో కొలిచిన రిపోర్టును కార్మికుడు పీల్చిన గాలిగా చూపిస్తారు. కార్మికుడి కాలర్‌కు చిన్న పంపు తగిలించి, షిఫ్టు పొడవునా, ముక్కుకు దగ్గరగా తీసిందే లెక్కలోకి రావాలి. రెండోది సిలికా శాతం. ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో ఊపిరితిత్తుల లోపలికి వెళ్లేంత సన్నని క్వార్ట్జ్ (పలుగురాయి) దుమ్ముకు పరిమితి ఇలా కట్టేవారు: ఆ దుమ్ములో క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి, దానితో 10ని భాగించాలి. వచ్చింది ఘనపు మీటరుకు మిల్లీగ్రాములు. 30 శాతం ఉన్న గ్రానైటు దుమ్ముకు 10ని 32తో భాగిస్తే 0.31. అదే 98 శాతం ఉన్న పలుగురాయి పొడికి 10ని 100తో భాగించాలి, 0.1 మాత్రమే. శాతం రాయని రిపోర్టులో "పరిమితిలోనే ఉంది" అని రాసి ఉంటే ఏ పరిమితి అని అడగండి. ఆస్బెస్టాస్ దుమ్మును బరువుతో కాక నార లెక్కతో కొలుస్తారు. మెంబ్రేన్ ఫిల్టర్ మీద పట్టి, మైక్రోస్కోపు కింద 5 మైక్రాన్ల కంటే పొడవు, 3 మైక్రాన్ల కంటే సన్నం ఉన్నవాటిని లెక్కిస్తారు. నమూనా కోసమని పాత రేకు విరగ్గొట్టడం మాత్రం వద్దు. రేకు మీద కంపెనీ ముద్ర, ఐఎస్ నంబరు కనిపించేలా ఫొటో తీస్తే చాలు.

సాక్షుల మాటకొస్తే, తోటి కార్మికుల అఫిడవిట్లు ఇరవై ఉన్నా అన్నీ ఒకే కంప్యూటర్లో ఒకే వాక్యాలతో టైపు చేసినవైతే ఒక్కటి కూడా లేనట్టే. ఎవరి మాటల్లో వాళ్లు, ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పాలి. అదే సైటులో పీఎఫ్ ఉన్న ఒక్క మనిషి, వాచ్‌మనో లారీ డ్రైవరో, "వీళ్లు ఫలానా ఏళ్లలో నాతో ఉన్నారు" అంటే ఆ సాక్ష్యం గొలుసులా మిగతావాళ్లందరినీ పట్టి ఉంచుతుంది. ఆయాసం ఎక్కువైనవాళ్ల మాటలు వీడియో తీయండి. పది నిమిషాలు చాలు. మొదట తేదీ, ఊరు, పేరు చెప్పించాలి. జవాబును నోట్లో పెట్టే ప్రశ్నలు అడగొద్దు. అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచాలి. వాట్సాప్‌లో పంపితే నాణ్యత పోవడమే కాక ఫైలులో దాగి ఉండే తేదీ వివరాలు కూడా పోతాయి. మనిషి చనిపోతే, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి, మరణ ధ్రువీకరణలో "శ్వాస ఆడక" అని సరిపెట్టకుండా అసలు జబ్బు పేరు రాయమనండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే పోస్టుమార్టంలో ఊపిరితిత్తి ముక్కను పరీక్షకు పంపించాలి.

గడువుల సంగతి. 1923 నాటి పరిహార చట్టంలో సిలికోసిస్, ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ నారతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) మూడో షెడ్యూలు సి భాగంలో ఉండేవి. పనిచేసింది నలుగురు యజమానుల దగ్గరైతే నలుగురూ వాటా పంచుకునేలా పరిహారం తేల్చే కమిషనరు ఆదేశించొచ్చు. నాలుగు మిల్లులు మారాం, ఎవరి మీద వేయాలి అని వదిలేసేవాళ్లకు ఇది తెలియాలి. ఆ చట్టం కింద అర్జీకి గడువు రెండేళ్లు. జబ్బు వల్ల ఏకబిగిన పనికి వెళ్లలేకపోయిన మొదటి రోజు నుంచి లెక్క. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషనరు మన్నించొచ్చు, అందుకే జబ్బు పేరు మొదటిసారి చెప్పిన రిపోర్టు మీద తేదీ ఉండడం ముఖ్యం. మన దగ్గర ఆ కమిషనరు లేబర్ ఆఫీసులోనే ఉంటాడు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది, ఫారాలు మారతాయి కనుక అక్కడే కనుక్కుని వేయండి.

పేర్ల జాబితా ఏం చేయగలదో చూడాలంటే గుజరాత్‌లోని గోధ్రా క్వార్ట్జ్ మిల్లుల కేసు చూడాలి. అక్కడ పొడి పీల్చింది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ వైపు ఆదివాసీలు. ఊళ్లకు తిరిగొచ్చి చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు 238 మంది కుటుంబాలకు రూ. 3 లక్షల చొప్పున ఇవ్వాలని గుజరాత్‌ను ఆదేశించింది. 238 అన్న అంకె ఊరూరా పేరు పేరునా రాసుకున్న జాబితా లేకుండా కోర్టు దాకా వచ్చేది కాదు. రాజస్థాన్ 2019లో తెచ్చిన విధానంలో యజమాని దొరికినా దొరక్కపోయినా, బోర్డు జబ్బును నిర్ధారించగానే రూ. 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి మరో రూ. 2 లక్షలు ఉన్నాయి. రుజువు బరువంతా రోగి నెత్తిన పెట్టకపోవడమే అందులో మాకు నచ్చింది. మన రెండు ప్రభుత్వాలూ దాన్ని చదవాలి. అంతకంటే ముందు, ఖర్చు లేని పని, మూతపడిన క్రషర్లు, పొడి మిల్లులు, గనుల జాబితాను జిల్లాలవారీగా పెట్టి, ఆ ఫైళ్లను చెత్తలో వేయొద్దని ఒక జీవో ఇవ్వాలి. కడప జిల్లా పులివెందుల, లింగాల వైపు ఆస్బెస్టాస్ గనుల్లో దిగినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. 1986లో కేంద్రం కొత్త ఆస్బెస్టాస్ లీజులు ఆపేసింది. అంటే అప్పట్లో ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇప్పుడు అరవైకి అటూఇటూ, మెసోథీలియోమా వచ్చే వయసు. గనుల నిబంధనల కింద వాళ్లకు ఉండాల్సిన బి ఫారం రిజిస్టర్లు, ఓ ఫారం వైద్య ధ్రువపత్రాలు ఎక్కడున్నాయో గనుల భద్రత డైరెక్టరేట్ వెతికించాలి.

ఆఖరిగా మీ పత్రికను అడిగేది ఒకటుంది. మిల్లు ప్రారంభోత్సవం, కూలీల ధర్నా, సైలో (పొడి నిల్వచేసే గుమ్మి) కూలిపోయి ఇద్దరికి గాయాలు, దుమ్ముతో పంట పాడైందని రైతుల ఫిర్యాదు లాంటి వార్తలు జిల్లా పేజీల్లో నాలుగు లైన్లుగా వచ్చి ఉంటాయి. ఫలానా తేదీన ఫలానా ఊళ్లో ఆ మిల్లు నడుస్తోందనీ, అక్కడ కూలీలు ఉన్నారనీ, దుమ్ము లేచిందనీ చెప్పే కాగితం ఒక్కోసారి అదొక్కటే. 1990ల నుంచి మీ జిల్లా పేజీల బైండింగులు ఎక్కడున్నాయో, కార్మికులు వచ్చి చూసుకుని తేదీ కనిపించేలా జిరాక్సు తీసుకోవడానికి వారానికి ఏ రోజు వీలవుతుందో దయచేసి ఇదే పేజీలో ప్రకటించండి.

ఇట్లు,
వృత్తి వ్యాధుల వైద్యం, ఫ్యాక్టరీ భద్రత, కార్మిక చట్టాల పనిలో ఉన్న కొందరం,
హైదరాబాద్